తొలి రాతకు తోడెవరు?
దళితులు రచయితలైన చరిత్రలో నేర్చుకున్న చోట్లు, దొరికిన ఆసరాలు

రచయిత ఎలా తయారవుతాడు అన్న ప్రశ్నకు మన అలంకారశాస్త్రం మూడు మాటల్లో జవాబు చెప్పింది: ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం. తెలుగు సాహిత్య చరిత్రలు కూడా చాలావరకు ఆ మూడు మాటల చుట్టూనే తిరిగాయి. కాగితం ఎక్కడిది, దీపంలో నూనె ఎవరు పోశారు, తొలి రాతను ఎవరు చదివి పెట్టారు, ఎవరు అచ్చేశారు అనే లెక్క వాటిలో కనపడదు. రాసినవాళ్లకు ఆ అవసరం రాలేదు. అగ్రహారంలో పుట్టిన పిల్లవాడికి ఇల్లే బడి, తాతే గురువు, అటకమీది తాటాకుల కట్టే గ్రంథాలయం. ఉన్నవాడు ఉన్నదాన్ని లెక్కపెట్టుకోడు, అదంతా తన ప్రతిభే అనుకుంటాడు. ఆ లెక్క అడగాల్సింది లేనివాళ్లమే.

మేం పరిశోధన విద్యార్థులం. మాలో చాలామంది ఇళ్లలో మాకంటే ముందు యూనివర్సిటీ గడప తొక్కినవాళ్లు లేరు. తొలి వ్యాసం రాస్తే ఎవరికి చూపాలి, పత్రికకు ఎట్లా పంపాలి, తిరిగొస్తే ఏమనుకోవాలి అని చెప్పేవాళ్లు లేక సీనియర్ల గదుల చుట్టూ తిరిగినవాళ్లమే. ఇది ఏ ఒక్కరి కష్టమో కాదు, దీని వెనక వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రను ఒక వరసలో పెట్టి చూడడమే ఈ వ్యాసంలో మేం చేస్తున్న పని.

ఇందుకోసం నాలుగు ప్రశ్నలు వేసుకున్నాం. రాయడం ఎవరు నేర్పారు? రాసింది ఎవరు చదివి పెట్టారు? ఎవరు అచ్చేశారు? ఆ సాయానికి బదులుగా ఏం అడిగారు? మొదటి మూడు ఎవరైనా అడిగేవే. నాలుగోది మాత్రం దళితులే అడగగలరు. ఏకలవ్యుడి బొటనవేలు పోయింది ఆ నాలుగో ప్రశ్న దగ్గరే. పైగా అక్కడ గురువు నేర్పింది కూడా ఏమీ లేదు.

రాతకు ముందు పాట

దళితులు అక్షరాల దగ్గరకు ఖాళీ చేతులతో వచ్చారనే మాట ఒకటి ఉంది. సంస్కర్తలు ప్రేమతో అన్నా, పండితులు చులకనగా అన్నా అది తప్పే. డక్కలివాళ్లు పటం విప్పి మాదిగలకు జాంబపురాణం చెబుతారు. చిందువాళ్లు భాగవతం ఆడతారు. నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ ఏ నటనాలయంలోనూ చేరలేదు. చిన్నప్పుడే ముఖానికి రంగేసుకుని కుటుంబం వెంట ఊరూరా తిరిగి నేర్చుకుంది. ఈ నేర్పుడుకు ఒక పద్ధతి ఉంది. పెద్దవాళ్లు పాడుతుంటే వెనక వంత పాడాలి. తప్పితే అక్కడికక్కడే దిద్దుతారు. జనం ముందు నిలబడి మళ్లీ పాడాలి. జనం బాగుందంటే నిలిచినట్టు, లేచి పోతే మళ్లీ నేర్చుకోవాల్సిందే. పాడినవాళ్లకు ఇన్ని గింజలు పెట్టే బాధ్యత పోషక కులంమీద ఉంటుంది. అంటే గురువు, పాఠం, పరీక్ష, పోషణ అన్నీ వాడలోనే ఉన్నాయి.

ఇందులోనూ అంతరాలు ఉన్నాయి. మాదిగల కథ చెప్పే డక్కలివాళ్లనే మాదిగలు దూరం పెట్టిన చరిత్ర ఉంది. అంబేద్కర్ చెప్పిన నిచ్చెనమెట్ల అసమానత కళలోకీ వచ్చింది. ఈ సంగతి ఇక్కడ గుర్తుపెట్టుకుంటే తర్వాత పనికొస్తుంది.

వాడలో లేనివి లిపీ అచ్చూ. పాటకు పోషణ వాడ ఇచ్చింది గానీ పుస్తకానికి కావాల్సిన బడి, సిరా, ప్రెస్సు వాడ బయటే ఉండిపోయాయి. అందువల్ల దళిత రచయిత మొదటి ప్రయాణం వాడ నుంచి బయటికే అయింది.

మిషన్ బడి, పండితుడి అరుగు

గుర్రం జాషువా 1895లో వినుకొండలో పుట్టారు. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. క్రైస్తవ కుటుంబం. ఆ కాలంలో కోస్తా జిల్లాల్లో దళిత పిల్లలకు పలక అందించిన చేతుల్లో మిషన్ బడుల చేయి పెద్దది. పంతులు ఉద్యోగం ఇచ్చింది కూడా అవే. జాషువా గుంటూరు లూథరన్ ట్రైనింగ్ స్కూల్లో ఏళ్లతరబడి ఉపాధ్యాయుడిగా పనిచేశారు. అంతకుముందు రాజమండ్రిలో మూకీ సినిమాలు ఆడుతుంటే తెరపక్కన నిలబడి కథ చెప్పారు. జనం చెవికి పట్టేలా చెప్పడం ఆయన అక్కడా సాధన చేసినట్టే.

కావ్యభాష మాత్రం మిషన్ బడిలో దొరికేది కాదు. దానికోసం ఆయన జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గరికి వెళ్లి కాళిదాసు మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నారు. తర్వాత ఉభయభాషాప్రవీణ అయ్యారు. ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణ పండితుడు పంచముడికి కాళిదాసు చెప్పడం చిన్న విషయం కాదు. దాన్ని మనం దాచుకోనక్కర్లేదు. అయితే ఆ ఒక్క అరుగు దిగగానే పరిస్థితి వేరు. సభలో పద్యం చదివితే కులం అడిగారు. పక్కన కూర్చోడానికి ఇష్టపడనివాళ్లు లేచి పోయారు. ఇంకోవైపు క్రైస్తవుడై ఉండి హిందూ పురాణాల మీద కవిత్వం ఏంటని మతపెద్దలు ఆక్షేపించారు. నేర్పిన చోట ఆదరణ లేదు, ఆదరించాల్సిన చోట ఆమోదం లేదు. 'నా కథ'లో ఆయన ఈ అనుభవాలను పద్యాల్లోనే చెప్పుకున్నారు.

ఇప్పుడు నాలుగో ప్రశ్న వేద్దాం. కాళిదాసు చదివినందుకు జాషువా ఏం చెల్లించారు? 1941లో వచ్చిన 'గబ్బిలం' దీనికి జవాబు. మేఘసందేశంలో యక్షుడు మేఘం చేత ప్రియురాలికి కబురు పంపుతాడు. గబ్బిలంలో తంజావూరు చర్మకారుడు కాశీలోని శివుడికి తన ఆకలి కబురు పంపుతాడు. మేఘం బదులు గబ్బిలం ఎందుకు? గుడిలోకి అంటరానివాడు పోలేడు, గబ్బిలం పోగలదు, దేవుడి చెవి పక్కనే వేలాడగలదు. పండితుడి అరుగుమీద నేర్చుకున్న చట్రాన్ని జాషువా పక్కన పారేయలేదు, దానికి తలవంచనూ లేదు. అందులో తన మనిషిని నిలబెట్టారు. నేర్చుకున్నదాన్ని మనదిగా చేసుకోవడం అంటే ఏంటో కొత్తగా రాసేవాళ్లకు ఇంతకన్న మంచి పాఠం తెలుగులో లేదని మా అభిప్రాయం.

కానీ ఈ దారికి ఒక పరిమితి ఉంది. ఇది ఒక్కడి దారి. ఒక శాస్త్రిగారి మంచితనం మీద, ఒక విద్యార్థి మొండితనం మీద నడిచింది. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి జాషువా పాదానికి గండపెండేరం తొడగడాన్ని అందరూ గొప్పగా చెబుతారు. గొప్పదే. ఆ గౌరవం ఆయన పాదం దగ్గరే ఆగిపోయింది. వాడలోని ఇంకో పిల్లవాడికి బడి తలుపు దానివల్ల తెరుచుకోలేదు. ఒక్కరి దయ ఎంత పెద్దదైనా తర్వాతి తరానికి అందదు. అందాలంటే సంస్థ కావాలి.

పత్రికే బడి అయిన రోజులు

ఆ సంస్థను కట్టే పని అప్పటికే హైదరాబాదులో మొదలైంది. మాదరి భాగయ్య, అంటే మనందరికీ తెలిసిన భాగ్యరెడ్డివర్మ, 1906లో జగన్మిత్ర మండలి పెట్టారు. మొదట హరికథలతో జనాన్ని కూడగట్టారు. 1910 నుంచి వాడల్లో బడులు తెరిచారు. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో ఈ బడుల్లో పిల్లలు తెలుగులో చదువుకున్నారు. 1917లో బెజవాడలో పంచమ మహాసభ అని పిలిచిన సభకు ఆయన అధ్యక్షుడైతే, ఆ సభే ఆది ఆంధ్ర మహాసభ అయింది. పేరు మార్చుకోవడం కూడా రాయడంలో భాగమే. ఎవరో పెట్టిన పేరు కొట్టేసి మన పేరు మనం రాసుకోవడం అది.

1931లో ఆయన 'భాగ్యనగర్' పత్రిక మొదలుపెట్టారు. తన 'వెట్టి మాదిగ' కథను అందులోనే అచ్చేశారు. 1922లో వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'ని ఎవరూ తక్కువ చేయరు. ప్రభుత్వం నిషేధించేంత బలం ఆ నవలకు ఉంది. కానీ మాలపల్లిలో మనం పాత్రలం. వెట్టి మాదిగలో కథ చెప్పేది మనం. పైగా అచ్చేసిన పత్రికా మనదే.

గోదావరి వైపు కుసుమ ధర్మన్న వైద్యం చేస్తూ కవిత్వం రాశారు. గరిమెళ్ల సత్యనారాయణ తెల్లదొరతనం మాకొద్దని పాడితే, ధర్మన్న 1921లో 'మాకొద్దీ నల్లదొరతనము' రాశారు. అదే బాణీ పట్టుకుని, అందరి నోళ్లలో నానుతున్న పాటకు ఎదురు పాట కట్టి, మీ స్వరాజ్యంలో మా సంగతేంటని అడిగారు. కొత్తగా రాసేవాడికి ఎదురు పాట కట్టడం మంచి బడి. బాణీ సిద్ధంగా ఉంటుంది, వినేవాళ్లు సిద్ధంగా ఉంటారు, మన మాట ఒక్కటే మనం తేవాలి. ధర్మన్న 'జయభేరి' అనే పత్రికనూ నడిపారు.

ఇలాంటి చిన్న పత్రికలు బడి ఎట్లా అయ్యాయో ఆలోచించాలి. పత్రిక నడవాలంటే ఊళ్ల నుంచి కబుర్లు రావాలి. సభ జరిగింది, బావి దగ్గర గొడవైంది, బడిలో పిల్లల్ని వేరుగా కూచోబెట్టారు అని ఎవరో ఒకరు రాసి పంపాలి. అట్లా రాసేవాడు తన పేరు అచ్చులో చూసుకుంటాడు. తాను రాసిన పది వాక్యాల్లో ఆరే ఎందుకు వచ్చాయో పోల్చి చూసుకుంటాడు. గురువు ముఖం చూడకుండానే పాఠం నేర్చుకుంటాడు. మన పెద్దలు సభలకూ బడులకూ పక్కనే పత్రికను ఎందుకు పెట్టుకున్నారో దీన్నిబట్టి తెలుస్తుంది.

విషాదం ఏంటంటే ఆ పత్రికల పాత సంచికలు చెదిరిపోయాయి. అందువల్ల ప్రతి తరమూ మాకు ముందు ఎవరూ లేరనుకుని మొదటినుంచి మొదలుపెట్టింది. పి.ఆర్. వెంకటస్వామి 1955లో 'అవర్ స్ట్రగుల్ ఫర్ ఎమాన్సిపేషన్' అని హైదరాబాదు దళిత ఉద్యమ చరిత్రను ఇంగ్లీషులో రెండు సంపుటాలుగా రాసిపెట్టారు కాబట్టి ఆ కాలం గురించి ఇవాళ ఈమాత్రమైనా మాట్లాడగలుగుతున్నాం.

ఔరంగాబాదు చెప్పే సంగతి

ఇక్కడ మరాఠీ దళితుల అనుభవాన్ని పక్కన పెట్టి చూడాలి. 1855లో పూనాలో ముక్తా సాల్వే అనే మాంగ్ బాలిక తన జాతి దుఃఖం గురించి ఒక వ్యాసం రాసింది. 'జ్ఞానోదయ' పత్రిక దాన్ని అచ్చేసింది. ఆమె సావిత్రిబాయి, జోతిబా ఫూలేల బడిలో చదువుకున్న పిల్ల. ఫూలే దంపతులు బాలికల బడి తెరిచింది 1848లో. అంటే బడి, చదివిపెట్టే పంతులమ్మ, అచ్చేసే పత్రిక మూడూ ఒకచోట కలిస్తే ఏడేళ్లలోనే వ్యాసకర్త్రి పుట్టింది. వేల ఏళ్ల వెనకబాటు అని మనల్ని గురించి చెప్పేవాళ్లు ఈ ఏడేళ్ల లెక్క చూడాలి.

అంబేద్కర్ పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ 1950లో ఔరంగాబాదులో కాలేజీ పెట్టింది. తర్వాత అదే మిళింద్ కాలేజీ అయింది. అప్పటికి ఔరంగాబాదు మన హైదరాబాదు రాష్ట్రంలోదే. 1956లో గదా మరాఠ్వాడా విడిపోయింది! మరాఠ్వాడా పల్లెల నుంచి వచ్చిన మహార్ పిల్లలకు అక్కడ క్లాసుతోపాటు హాస్టలు, లైబ్రరీ, వినేవాళ్లు దొరికారు. ఆ కాలేజీలోనే పాఠాలు చెప్పిన గంగాధర్ పాంతావణే 1960ల చివర 'అస్మితాదర్శ్' పత్రికను మొదలుపెట్టి దశాబ్దాలపాటు నడిపారు. పత్రికతోపాటు రచయితల మేళాలు జరిపారు. కొత్తవాళ్లు అక్కడికి వచ్చి చదివేవాళ్లు, పెద్దవాళ్లు వినేవాళ్లు. బొంబాయిలో 1958లో జరిగిన తొలి దళిత సాహిత్య సమ్మేళనం, 1972లో పుట్టిన దళిత్ పాంథర్స్ ఆకాశం నుంచి ఊడిపడలేదు. వాటి కింద కాలేజీలు, హాస్టళ్లు, పత్రికలు ఉన్నాయి.

తెలుగులో మిళింద్ వంటి ఒక కేంద్రం ఏర్పడలేదు. జాషువా, ధర్మన్న, బోయి భీమన్న ఎవరి దారి వాళ్లు తొక్కుకుంటూ వచ్చారు. మనకు గొప్ప రచయితలు లేకపోలేదు. ఒకరి చేయి పట్టుకుని ఇంకొకరు వచ్చే వరస లేకపోయింది.

హాస్టలు గది

ఆ వరసను కొంతవరకు పూడ్చింది హాస్టలు. 1944లో భారత ప్రభుత్వం షెడ్యూల్డు కులాల విద్యార్థులకు మెట్రిక్ తర్వాతి చదువుకు స్కాలర్‌షిప్పు మొదలుపెట్టింది. అది అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్లో ఉన్న కాలం. స్వాతంత్ర్యం తర్వాత సంక్షేమ హాస్టళ్లు పెరిగాయి. జనాభా లెక్కల ప్రకారం దేశంలో షెడ్యూల్డు కులాల అక్షరాస్యత 1961లో నూటికి 10.27. 1991 నాటికి 37.41 అయింది. ఆడవాళ్లలో 1961లో 3.29, 1991లో 23.76. ఇందులో సంతోషించాల్సింది ఎంత ఉందో సిగ్గుపడాల్సిందీ అంత ఉంది. అయినా రాయగలిగినవాళ్ల సంఖ్య మొదటిసారి గుంపు అయ్యింది ఈ ముప్పయ్యేళ్లలోనే.

బోయి భీమన్న 'పాలేరు' నాటకాన్ని ఇక్కడ తలుచుకోవాలి. స్వాతంత్ర్యానికి ముందు రాసిన ఆ నాటకంలో పాలేరు కుర్రాడు దొంగచాటుగా చదువుకుని డిప్యూటీ కలెక్టరవుతాడు. ఊళ్లలో ఆ నాటకం ఆడాక పిల్లల్ని పాలేరుతనం మాన్పించి బడికి పంపిన తల్లిదండ్రుల సంగతులు ఎన్నో వినిపిస్తాయి. రచయిత కావడానికి ముందు పాఠకుడు కావాలి, పాఠకుడు కావడానికి ముందు గొడ్లకాడి నుంచి విడుదల కావాలి. పాలేరు చేసింది ఆ మొదటి పని.

హాస్టల్లో అన్నం బాగుండదు, నీళ్లు రావు, దుప్పట్లు చలికాలం పోయాక ఇస్తారు. ఇవన్నీ మాకు తెలుసు. అయినా ఒక గదిలో పదిమంది ఉంటారు. వాళ్లలో ఒకడు పేపరు చదివి వినిపిస్తాడు, ఒకడు గోడపత్రిక రాస్తాడు, ఇంకొకడు డప్పు కొడతాడు. ఒకడి కవిత ఇంకొకడు లాక్కుని చదువుతాడు. గోడపత్రికకు ప్రెస్సు అక్కర్లేదు, సంపాదకుడి దయ అక్కర్లేదు, ఒక డ్రాయింగు షీటు, రెండు స్కెచ్‌పెన్నులు చాలు. పొద్దున అతికిస్తే మధ్యాహ్నానికల్లా అభిప్రాయం చెప్పేస్తారు. కాలేజీకి పోలేనివాళ్లకు ఇంకో తలుపు 1982లో హైదరాబాదులో పెట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. కూలికీ ఫ్యాక్టరీకీ పోతూ ప్రవేశపరీక్ష రాసి డిగ్రీలో చేరే అవకాశం అది ఇచ్చింది.

కారంచేడు తర్వాత

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు. మంచినీళ్ల చెరువు దగ్గర ఒక దళిత స్త్రీ ఎదురుతిరగడంతో మొదలైన గొడవ అది. ఆ సెప్టెంబరు 1న దళిత మహాసభ ఏర్పడింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం దాని ముందు నిలిచారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపి మురుగుకాలువలో పడేశారు. ఈ రెండు ఊళ్ల మధ్య కాలంలో తెలుగు దళిత సాహిత్యం కొత్త నడక నేర్చింది.

ఆ ఉద్యమంలో రాత అవసరమైంది. శిబిరంలో మాట్లాడాలి, కరపత్రం రాయాలి, అర్జీ రాయాలి, నిజనిర్ధారణ నివేదిక రాయాలి, ఊరేగింపుకు పాట కట్టాలి. ఇవేవీ సాహిత్యం కాదని ఎవరైనా అనొచ్చు. కానీ చాలామందికి ఇవే తొలి రచనలు. కరపత్రం రాయడం కఠినమైన విద్య. ఒక్క కాగితంలో జరిగింది చెప్పాలి, ఎవరు చేశారో చెప్పాలి, జనం ఏం చేయాలో చెప్పాలి. చదువురానివాడికి చదివి వినిపించినా అర్థం కావాలి. కోర్టులో పట్టుబడకుండానూ ఉండాలి. తేదీ తప్పితే, పేరు తప్పితే ఉద్యమానికే నష్టం. ఇంత జాగ్రత్త నేర్పే బడి యూనివర్సిటీలో లేదు.

1989లో హైదరాబాదు నుంచి 'నలుపు' పక్షపత్రిక మొదలైంది. దళిత సమస్యమీద, కులంమీద తెలుగులో వరసగా చర్చ నడిపిన పత్రికల్లో అది ముఖ్యమైంది. దాని వెనక హైదరాబాద్ బుక్ ట్రస్టు ఆసరా ఉంది. అదే కాలంలో సాంకేతికంగా ఒక మార్పు వచ్చింది. లెటర్‌ప్రెస్సులో అక్షరం అక్షరం ఏరి పేర్చే రోజులు పోయి డీటీపీ వచ్చింది. ఖర్చు తగ్గింది. నలుగురు ఉద్యోగులు, ఇద్దరు విద్యార్థులు చందాలేసుకుంటే పత్రిక తేగలిగారు. ప్రూఫులు దిద్దడానికి వచ్చిన కుర్రాడే రెండేళ్లకు సంపాదకీయం రాశాడు. చిన్న పత్రికల్లో అమ్మేవాడు, మోసేవాడు, రాసేవాడు ఒక్కడే కావడం కష్టమే, కానీ అట్లాగే పత్రిక పని అంతా చేతికొచ్చింది.

1995లో జి. లక్ష్మీనరసయ్య, త్రిపురనేని శ్రీనివాస్ సంపాదకత్వంలో 'చిక్కనవుతున్న పాట', ఆ మరుసటేడు 'పదునెక్కిన పాట' వచ్చాయి. సంకలనం అనేది కొత్త కవికి పెద్ద ఆసరా. ఒక్కడే పుస్తకం వేయాలంటే అప్పు చేయాలి, కట్టలు ఇంట్లో మూలుగుతాయి. సంకలనంలో ఒక్క కవిత ఉన్నా ఎండ్లూరి సుధాకర్, శిఖామణి, సతీష్ చందర్, మద్దూరి నగేష్‌బాబుల వంటివాళ్ల పక్కన మన పేరు నిలబడుతుంది. విమర్శకుడు ఒక్కడినైతే చూడనట్టు పోగలడు, గుంపును చూడకుండా పోలేడు.

దిద్దుబాటు ఎవరి చేతిలో?

అచ్చు దొరికాక అసలు గొడవ భాషదగ్గర వచ్చింది. గిడుగు రామమూర్తి గ్రాంథికాన్ని ఓడించి వ్యావహారికాన్ని తెచ్చారు. ఆ మేలు మనకూ అందింది. కానీ నిలబడింది శిష్ట వ్యావహారికం. శిష్టులంటే ఎవరు? కోస్తా జిల్లాల చదువుకున్న పైకులాలవాళ్లు. వాడ మాట, తెలంగాణ మాట, ఆడవాళ్ల మాట ఆ గీతకు అవతలే ఉండిపోయాయి. కొత్త రచయిత ఇంట్లో మాట్లాడినట్టు రాస్తే భాష రాదన్నారు, పుస్తకంలోలాగా రాస్తే సహజంగా లేదన్నారు.

దిద్దుబాట్లు రెండు రకాలని మా అవగాహన. ఒకటి చదివేవాడికి అర్థం కావడానికి చేసేది: వాక్యం తెగిపోయింది, ఈ తేదీ సరిచూడు, ఇదే మాట మూడుసార్లు చెప్పావు. ఇది చేసినవాడు మేలు చేసినట్టే, దీన్ని అవమానం అనుకుంటే నష్టం మనకే. రెండోది రాసినవాడి ఆనవాలు చెరిపేసేది: 'పెద్దకూర' అనొద్దు, 'అయ్య' బదులు 'నాన్న' అను, తిట్టు తీసెయ్, అవమానాన్ని కొంచెం మృదువుగా చెప్పు. నాలుగో ప్రశ్నకు ఇక్కడ దొరికే జవాబు ఇదే. అచ్చేస్తాం, నీ నాలుక వదిలిపెట్టి రా అని అడగడం. బొటనవేలు అడిగినట్టే.

2000లో వచ్చిన వేముల ఎల్లయ్య 'కక్క' నవల ఈ బేరానికి ఒప్పుకోలేదు. నల్లగొండ మాదిగవాడ మాట ఎట్లుందో అట్లనే నవలంతా నడిపింది. చదవడం కష్టమన్నవాళ్లున్నారు. మనం మనుచరిత్ర అర్థం కావడానికి నిఘంటువు తిరగేసినప్పుడు ఎవరూ కష్టమనలేదు గదా. మాట రాకపోతే నేర్చుకోవాల్సింది ఈసారి పాఠకుడు. కొత్తగా రాసే పిల్లలకు కక్క ఇచ్చిన ధైర్యం ఇది.

వాడలోనూ వెనక వరస

ఆసరా దొరికినప్పుడు అందరికీ ఒకేలా దొరకలేదు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యోగాల్లో వాటా అడిగింది. ఆ ప్రశ్న సాహిత్యంలోకీ వచ్చింది. దళిత కవిత్వం అన్నప్పుడు ఎవరి వాడ కనిపిస్తోంది, ఎవరి డప్పు ప్రతీకగా మిగిలి ఎవరి పేరు పుస్తకంమీద ఉంది అని అడిగారు. సుధాకర్ మాదిగ కథలు 'మల్లెమొగ్గల గొడుగు' 1999లో వచ్చాయి. డక్కలి, చిందు, రెల్లి, మోచి పిల్లలు రాయడం ఇంకా గట్టిగా మొదలుకావాల్సే ఉంది. ముందు గుర్తుపెట్టుకోమన్న మాట ఇదే. పటం విప్పి మన పురాణం చెప్పినవాళ్లకు మన పత్రికలో పేజీ ఉందా?

ఆడవాళ్ల సంగతి ఇంకా వెనక. హాస్టలు గదిలో రాత్రి రెండింటిదాకా సాగే చర్చలో అమ్మాయిలు లేరు. సభ అయ్యాక టీకొట్టు దగ్గర తేలే విషయాల్లో లేరు. పగలు కూలి, పొద్దున సాయంత్రం ఇంటిపని అయ్యాక మిగిలిన ముక్క ముక్క టైములో రాసినవాళ్లు వాళ్లు. 1930లలోనే రాసిన తాడి నాగమ్మ పేరు చాలాకాలం సాహిత్య చరిత్రల్లో కనపడలేదు. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' 1921 నుంచి దళిత స్త్రీలు రాసినదాన్ని ఒకచోటికి తెచ్చింది. ఆ పుస్తకం వచ్చేదాకా దళిత స్త్రీలు ఇప్పుడే రాయడం మొదలుపెట్టారనుకున్నారు. శ్యామలే 2011లో టి.ఎన్. సదాలక్ష్మి బతుకు కథను ఆమె నోటితో చెప్పించి 'నేనే బలాన్ని'గా తెచ్చారు. చల్లపల్లి స్వరూపరాణి, జూపాక సుభద్ర వంటివాళ్లు కవిత్వంతోపాటు విమర్శ కూడా రాసి తర్వాతివాళ్లకు కొలమానాలు ఇచ్చారు. పోగైన గతం కూడా కొత్త రచయితకు తోడే. నాకు ముందు అవ్వలున్నారని తెలిసినవాళ్ల రాత వేరుగా ఉంటుంది.

ఇవాళ్టి బాధ్యత

2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నారు. సైన్సు గురించి రాసే రచయిత కావాలన్నది తన కోరిక అని ఆయన చివరి ఉత్తరంలో ఉంది. తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్పు డబ్బు ఇంటివాళ్లకు అందేలా చూడమనీ అందులోనే ఉంది. రాయాలనే కోరిక, ఆగిపోయిన ఫెలోషిప్పు ఒకే ఉత్తరంలో ఉన్నాయి. ప్రతిభ ఒక్కటే చాలదని చెప్పడానికి ఇంతకన్న ఏ ఆధారం కావాలి? ఫెలోషిప్పు అంటే రచయితకు కాగితం, దీపం, అన్నం. దానికోసం పోరాడడం సాహిత్య పోరాటం కాదనుకుంటే పొరపాటు.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి అడుగుతూనే ఉంటాం. మనం మన చేతులతో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

ఒకటి, పత్రికకు వచ్చిన ప్రతి రాతకూ జవాబు రాయాలి. వేసుకోకపోతే ఎందుకు వేసుకోలేదో నాలుగు వాక్యాల్లో చెప్పాలి. జవాబు రాని కుర్రాడు తన రాత బాగాలేదనుకోడు, తన కులం రాయడానికి పనికిరాదనుకుంటాడు. రెండు, దిద్దితే దిద్దినచోటు చూపించాలి. అర్థంకోసం దిద్దామా, మర్యాదకోసం దిద్దామా అని మనల్ని మనమే అడగాలి. మూడు, ప్రతి హాస్టల్లో గోడపత్రిక మళ్లీ మొదలుపెట్టాలి. సెల్‌ఫోను అందరి చేతిలో ఉన్నా, నిలబడి చదివి ఎదురుగా మాట్లాడే మనిషి విలువ వేరు. టీచర్లు నెలకు ఒక పూట ఇస్తే చాలు. నాలుగు, కూటమి పెట్టే వేళ ఆడపిల్లలు రాగలిగే వేళ కావాలి. అది వాళ్ల సౌకర్యం కోసం చేసే దయ కాదు. వాళ్లు లేని కూటమి సగం కూటమి.

అయిదు, కొత్తగా రాయాలనుకునేవాళ్లు ఏం రాయాలో తెలీక ఆగిపోతే, ముందు వాడలోని ముసలివాళ్ల దగ్గర కూర్చోమని చెప్పాలి. వెట్టి గురించి, కరువు గురించి, బావి గురించి, తొలిసారి బడికి పోయిన రోజు గురించి అడిగి వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. రాయడం అట్లా వస్తుంది, చరిత్ర కూడా మిగులుతుంది. ఆరు, ఇళ్లలో అటకలమీద, ట్రంకుపెట్టెల్లో పడున్న పాత కరపత్రాలు, పత్రికలు, పాటల పుస్తకాలు పారేయకుండా ఒకచోటికి చేర్చాలి. జయభేరికీ భాగ్యనగర్ పత్రికకూ పట్టిన గతి మన కాలపు చిన్న పత్రికలకు పట్టకూడదు.

జాషువాకు ఒక శాస్త్రిగారు దొరికారు. ముక్తా సాల్వేకు సావిత్రిబాయి దొరికింది. ఈ రెండింటిలో రెండోదాన్ని మన వాడల్లో ఎట్లా కట్టుకోవాలో ఆలోచించమని మిత్రులను కోరుతున్నాం. మీ ఊళ్లో, మీ హాస్టల్లో ఇట్లాంటి ప్రయత్నం ఏదైనా జరిగి ఉంటే దాని చరిత్రను రాసి పంపండి. ఎంత చిన్నదైనా సరే, పెన్సిలుతో రాసినా సరే, మేం చదువుతాం, జవాబు రాస్తాం.